భాగుంది

ఇదిగో నాయనా, ముందే చెబుతున్నా. "రేపు రండి టైలరమ్మా" అన్నావంటే నేను ఈ స్టూలు మీంచి లేవను. శనివారం పడింది ఫోను. ఆదివారం నీ షట్టరు దించి ఉంది. నిన్న వస్తే రేపన్నావు. రేపు అనేది దర్జీల మాట, దాన్ని నువ్వెందుకు వాడుకుంటున్నావు? నీ ప్యాంటు విషయంలో నేను నాలుగుసార్లు అన్నానని కక్ష తీర్చుకుంటున్నావా ఏమిటి?

స్టూలు కూడా భలే ఎంచుకున్నావు. మూడు కాళ్లు నేల మీద, నాలుగోది దాని ఇష్టం. వచ్చినవాళ్లు ఎక్కువసేపు కూర్చోకుండా ఇదో ఏర్పాటు కాబోలు.

టైమెంత? తొమ్మిదీ పది. చూడు, పది గంటల్లోపు ఈ తెర వెలగాలి. పదీ ఒకటికి వెలిగిందా, నాకక్కర్లేదు, నువ్వే ఉంచుకో, తూకం రాయిగా వాడుకో.

కొత్త తెర వేస్తే లోపల ఉన్నవి పోవు కదా? తల ఊపడం కాదు, నోరు తెరిచి చెప్పు. ఓ, నోట్లో స్క్రూలు పెట్టుకున్నావా. సరే, ఊపు. మింగావంటే మళ్లీ నేనే జవాబు చెప్పాలి మీ అమ్మకి. నేనూ గుండుసూదులు అలాగే పెట్టుకుంటా. నా జీవితం మొత్తంలో నేను నోరు మూసుకుని ఉండేది ఆ కాసేపే అని మా ఆయన అంటాడు.

నా ఫోను కాదిది. నాది ఈ సంచీలో ఉంది, రాయిలా ఉంది, దానికేం. ఇది మా ఆడపడుచుది. మా ఆయన చెల్లెలు. కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసేది, గుర్తుందా? సన్నగా, పొడుగ్గా, మాట్లాడితే అరిగిపోతుందేమోనన్నట్టు ఉండేది. ఆ షాపు పెద్దాయన తనకే కనబడక పక్కవాళ్ల కళ్లజోడు పెట్టుకుని తిరిగేవాడు చూడు, ఆ షాపే.

బొమ్మలు వేసేది. "అట్ట మీద బొమ్మ" అని ఆన్‌లైన్‌లో పేజీ ఉంది...

ఏంటి, చెయ్యి ఆపేశావు? నీకు తెలుసా? చూస్తుంటావా ప్రతి వారం? ఓహో. అయితే నలభై వేల మందిలో నువ్వొకడివన్నమాట. మన వీధిలోనే ఉండి ఒక్కసారి కూడా ఆ పిల్లని "బొమ్మ బాగుందండీ" అనలేదేం? తనే అని తెలియదా? అవున్లే. పేజీలో పేరు పెట్టుకోలేదు, మొహం పెట్టుకోలేదు. చేతులే కనబడేవి.

అయితే నీకు సగం కథ తెలుసు. మిగతా సగం చెబుతా, ఆ స్క్రూలు కాస్త తీసి పక్కన పెట్టు ముందు.

పెట్టావా? ఆ పిల్ల లేదు నాయనా. పోయి తొమ్మిది నెలలు దాటింది.

అలా చూడకు. కిందటి మంగళవారం కూడా బొమ్మ వచ్చింది, నాకూ తెలుసు. నీళ్ల బకెట్‌లో ఆకాశం. నేనూ చూశాను. పని చేస్తూ విను, టైము పోతోంది.

కడుపులో గడ్డ అన్నారు. ఆపరేషన్ అన్నారు. చిన్నదే అన్నారు, వాళ్లు అన్నీ చిన్నవే అంటారు, నేను "రెండు కుట్లేనండీ" అన్నట్టు. ఆ తర్వాత మూడు నాలుగు నెలలు మంచం దిగొద్దన్నారు. దీనికి ఆ గడ్డ మీద బెంగ లేదు. పేజీ మీద బెంగ!

ఎవడో ఒకడున్నాడులే, వీడియోల్లో చెబుతాడు. బొమ్మలు ఎలా వెయ్యాలో కాదు, వేసినవాటిని జనం చూసేలా ఎలా చెయ్యాలో చెబుతాడు. వెనకాల మూడు దీపాలు, మొహం మీద ఇంకోటి. "ఒక్క వారం కనబడకపోతే జనం మిమ్మల్ని మర్చిపోతారు" అంటాడు. వాడి మాటంటే వేదం దీనికి. వాడు చెప్పాడని ప్రతి మంగళవారం పొద్దున పది గంటలకి ఒక బొమ్మ. ఇల్లు తగలబడుతున్నా సరే, పది గంటలకి బొమ్మ.

అందుకని ఏం చేసిందంటే, ఆసుపత్రికి వెళ్లే ముందు పదిహేను రోజులు కూర్చుని బొమ్మలన్నీ ముందే ఎక్కించేసింది. ఏ వారం ఏది రావాలో తారీకు వేసి పెట్టేసింది. ఇంట్లో పేరుకుపోయినవి నలభై. కొత్తగా వేసింది ఒకటి. మొత్తం నలభై ఒక్క మంగళవారాలు. తను ఆపరేషన్ బల్ల మీదనుంచి లేవలేదు. బొమ్మలు మాత్రం బయల్దేరాయి.

మాకేం తెలుసు ఇదంతా? పోయిన ఐదో రోజు మంగళవారం. మా ఆయన గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పది గంటలకి ఆయన ఫోను టింగుమంది. తీశాడు. చెల్లెలు బొమ్మ పెట్టింది. కింద రాసింది కూడా: "అందరూ బాగున్నారా? నేను కాస్త విశ్రాంతి తీసుకుంటున్నా. బొమ్మలు ఆగవు."

ఆయన లేచి నిలబడి ఇల్లంతా వెతికాడు నాయనా. మంచం కింద కూడా.

తర్వాత ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసే మా చినమామగారి అబ్బాయి వచ్చి, అది దెయ్యం కాదు, ముందే పెట్టిన ఏర్పాటు అని గంటన్నర చెప్పాడు. వాడు దేన్నైనా గంటన్నర చెబుతాడు. మా ఆయన అంతా విని, "ఎన్ని ఉన్నాయి?" అన్నాడు. నలభై ఒకటి. "అయితే ఇంకా నలభై వారాలు ఉంటుందన్నమాట" అన్నాడు. బొమ్మలు అనలేదు. ఉంటుంది అన్నాడు.

అందుకే ఎవరికీ చెప్పలేదు పోయిందని; దహనం ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే అయిపోయింది, వీధికి తెలియలేదు. పేజీలో అస్సలు చెప్పనివ్వలేదు. ప్రతి మంగళవారం పని మానేసి, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చుంటాడు. ఇప్పుడూ కూర్చునే ఉంటాడు.

ఇవాళ్టిది నలభై ఒకటోది.

ఎందాకా వచ్చింది? పాత తెర ఊడిందా? మెల్లగా, మెల్లగా. నా కత్తెర అంత నాజూగ్గా పట్టుకుంటే ఊళ్లో ఒక్క జేబు కూడా సరిగ్గా కుట్టలేను నేను.

ఇక అసలు సంగతికొస్తా. ఆ పేజీ మొదలుపెట్టినప్పుడు ఎలా ఉండేదో నీకు తెలియదు. నువ్వు జనం వచ్చాక వచ్చినవాడివి. అప్పట్లో లైకులు మూడు. ఒకటి వాళ్లన్నయ్య. ఒకటి ఇన్సూరెన్స్ వాడు. మూడోది ఏదో పైపుల కంపెనీ, వాళ్లెందుకు కొట్టారో వాళ్లకే తెలియాలి.

అట్టలు ఇచ్చింది నేను. బట్ట తాను చుట్టడానికి మధ్యలో పెడతారే గట్టి అట్ట, అది. తాను అయిపోగానే అట్ట తనకి. తెల్లరంగు పూసి, ఆరబెట్టి, దాని మీద వేసేది. నా మిషను, దాని రంగులు ఒకటే గది. ఇటు టకటక, అటు నిశ్శబ్దం.

వేశాక ఫొటో తియ్యాలి. ఎండ నేరుగా పడితే రంగు తెల్లబోతుందట. ఆ దీపాల వాడే చెప్పాడు. కిటికీకి అడ్డంగా పల్చటి తెల్లగుడ్డ పట్టుకోవాలి. ఎవరు పట్టుకుంటారు? వదిన! నేను కిటికీవైపు, గుడ్డ మధ్యలో, అది అటువైపు బొమ్మ ముందు ఫోను పట్టుకుని. అరగంట. చెయ్యి పీకేది. "వదినా, నీ నీడ పడుతోంది, కాస్త పక్కకి జరగవా" అనేది. జరిగేదాన్ని. మళ్లీ అనేది. మళ్లీ జరిగేదాన్ని.

ఇది గుర్తుపెట్టుకో. ఆ నీడ సంగతి.

మూడు లైకులు చూసి చూసి అది తిండి తగ్గించింది. పైకి ఏమీ అనదు. గంటకోసారి ఫోను తీసి చూసి, బోర్లా పెట్టేది. ఆ బోర్లా పెట్టడం చూడలేకపోయాను నేను. సరే, ఎవరో ఒకరు నాలుగు మంచి మాటలు రాస్తే ప్రాణం లేచొస్తుంది కదా అని నేనే ఒక అకౌంటు తెరిచాను. పేరు మార్చి.

నవ్వకు. నాకు ఆ మాత్రం రాదనుకున్నావా? మూడు రోజులు పట్టింది, కానీ తెరిచాను.

మంచి మాటలు రాద్దామనే కూర్చున్నాను. ఒట్టు. కానీ మెచ్చుకోవడం నాకు చేతకాదు నాయనా. నా నోరు నీకు తెలియనిదా? కొలత తీసుకుంటూ "నడుము ఎక్కడ మొదలవుతుందో కాస్త చూపించండి" అన్నానని బ్యాంకు మేనేజరుగారు ఇప్పటికీ నా వైపు చూడడు. ఎవర్ని చూసినా ముందు వంకరే కనబడుతుంది నాకు. నా పనే అది, వంకర చూసి సరిచెయ్యడం.

ఆ వారం బొమ్మ ఒక ఆడమనిషి. మెడ కాస్త పొడుగైంది. నేను రాశాను, "భాగుంది కానీ, ఈవిడ మెడ చూస్తే పక్కింటి వంటిల్లు కనబడేలా ఉంది" అని.

అంతే! గంటలో ఇరవై మంది. ఎవరు నువ్వు, కళ అంటే తెలుసా నీకు అని కొందరు. భలే అన్నాడు అని పడీపడీ నవ్వినవాళ్లు ఇంకొందరు. వాళ్లలో వాళ్లకే గొడవ. గొడవ చూడ్డానికి ఇంకో వంద మంది. సాయంత్రానికి మా పిల్ల ఫోను బోర్లా పెట్టడం మానేసింది. అన్నం రెండుసార్లు వడ్డించుకుంది.

చెప్పు, తప్పా? నేను ఆ మాట అనకపోతే ఆ పేజీకి దిక్కెవరు? పైపుల కంపెనీయా?

ఆ... ఇప్పుడర్థమైందా? చూడు, మళ్లీ చెయ్యి ఆగింది.

అవును. ఆ కామెంట్ల సూటిమాట నేనే.

నువ్వు కూడా నవ్వి ఉంటావు దాని మాటలకి. లేదనకు. నీ చెవులు ఎర్రబడ్డాయి. ప్రతి వారం ఎదురుచూసేవాళ్లు నా కోసం! "సూటిమాట ఇంకా రాలేదేం" అని అడిగేవాళ్లు. బొమ్మకి నాలుగు వందల లైకులొస్తే నా మాటకి తొమ్మిది వందలు. మిషను తొక్కుతూ తొక్కుతూ మాట వెతుక్కునేదాన్ని. ముప్పై ఏళ్లుగా ఈ వీధిలో ఎన్ని మాటలన్నాను, ఒక్కడు చప్పట్లు కొట్టాడా? తలుపేసుకున్నారు. అక్కడ తలుపులు తీసుకుని వచ్చేవాళ్లు.

దానికి సాయం చెయ్యడానికే మొదలుపెట్టాను. ఎప్పుడు నాకోసం అయిపోయిందో నాకే తెలియదు.

అదేమో ప్రతిసారీ మర్యాదగా జవాబు రాసేది. "మీరు చెప్పింది నిజమే, ఈసారి జాగ్రత్తగా వేస్తానండీ." అండీ! నాకు! పక్క గదిలోంచి!

నీళ్లున్నాయా? ఆ గ్లాసు వద్దు, అందులో నీ బ్రష్షులున్నాయి.

ఇక ఆ బొమ్మ. ఆసుపత్రికి వెళ్లే ముందు వారం పెట్టింది. దుప్పటి మీద ఒక చెయ్యి. అంతే. ఎవరి చెయ్యో రాయలేదు. నాకు తెలియదా, తన చెయ్యే. చూపుడు వేలికి అద్దాలు అరగదీసిన కాయ కూడా వేసింది. నేను చూశాను. భయమేసింది ఎందుకో. భయమేస్తే నేనేం చేస్తాను? అదే చేశాను. "దుప్పటి భాగుంది. చెయ్యి మాత్రం చచ్చినవాళ్ల చెయ్యిలా ఉంది" అని రాశాను.

పంతొమ్మిది వందల నవ్వులు.

ఈసారి అది జవాబు రాయలేదు.

ఆపరేషన్ పొద్దున లోపలికి తీసుకెళ్లేముందు నేనే ఉన్నాను పక్కన. మా ఆయన కాగితాల మీద సంతకాలకి వెళ్లాడు. "వదినా, మంగళవారం బొమ్మలు చూస్తూ ఉండు" అంది. చూస్తాలేవే అన్నాను. "నీకేమనిపిస్తే అది రాయి" అంది.

నేను, "నేనెక్కడ రాస్తానే పిచ్చిదానా, నాకు అకౌంటే లేదుగా" అన్నాను.

నవ్వింది. అంతే, నవ్వింది. తోసుకెళ్లిపోయారు.

మధ్యాహ్నం బయటికి తెచ్చాక దుప్పటి మీద చెయ్యి ఉంది నాయనా. అచ్చం అలాగే ఉంది. ఏ వేలు ఎటు వంగి ఉందో నేను ముందే చూసిన చెయ్యి. గీత కూడా తేడా లేదు. మా ఆయన ఏడుస్తున్నాడు, నేను ఆ చెయ్యి చూస్తూ నిలబడ్డాను. పక్కన ఎవరో నవ్వుతున్నట్టే ఉంది. పంతొమ్మిది వందల మంది.

మాట్లాడకు. ఏమీ అనకు. పని చూసుకో. ఎంతైంది? తొమ్మిదీ ముప్పై అయిదా?

దాని తర్వాత సూటిమాట ఒక్క ముక్క రాయలేదు. జనం అడుగుతున్నారు, ఏమయ్యాడు అని. అందరూ మగాడనే అనుకున్నారు. మా ఆయన కూడా.

ఆయన ఉన్నాడు చూడూ. పాత కామెంట్లన్నీ మొదటినుంచీ చదివాడు. పనినుంచి రాగానే అదే పని, చెప్పులు కూడా విప్పడు. "వీడెవడే, నా చెల్లెల్ని ఇంతలేసి మాటలన్నాడు? చివరిది చూశావా?" అంటాడు. చూశాననను, చూడలేదనను. మిషను తొక్కుతాను.

ఒకరోజు గదిలో ఆ మూల ఆయన, ఈ మూల నేను. ఆయన ఏదో టైపు చేస్తున్నాడు, చూపుడు వేలొక్కదానితో, పెదాలు కదుపుతూ. నొక్కాడు. నా సంచీలో ఫోను బుర్రుమంది.

"మా చెల్లి చనిపోయింది. ఇప్పుడు సంతోషమా?"

సూటిమాటకి విడిగా, మెసేజీలో వచ్చింది. నా ఒళ్లో. ఆయన అక్కడ కూర్చుని జవాబు కోసం తెర చూస్తున్నాడు. నేను ఇక్కడ కాలర్ తిప్పుతున్నాను. ఆ చొక్కాకి కాలర్ తలకిందులుగా కుట్టాను ఆ రోజు. అది మీ లెక్కల మాస్టారిదే. ఆయన వేసుకుని తిరుగుతూనే ఉన్నాడు, గమనించలేదు.

తొమ్మిది నెలలైంది. ఇంకా జవాబు కోసం చూస్తాడు. నా ఫోను మోగిందంటే చాలు, నా గుండె ముందు మోగుతుంది.

ఆయనకెందుకు తెలియలేదంటావా? సూటిమాట ప్రతి మాటలోనూ ఒత్తు భ ఉంది కదా అంటావు. నీకు తెలుసు, నీ ప్యాంటుకి గుచ్చిన చీటీ చూశావు కాబట్టి. "నడుము భిగుతు" అని. నువ్వు నలుగురికీ చూపించి నవ్వావట, నాకు చేరింది. నవ్వుకో. చిన్నప్పుడు ఒత్తు మర్చిపోయినప్పుడల్లా మా టీచరు స్కేలుతో వేళ్ల మీద కొట్టేది. అప్పట్నుంచి అనుమానం ఉన్న చోటల్లా ఒత్తు పెట్టేస్తా. భటన్లు, భిగుతు, భాగుంది. ఎక్కువైనందుకు ఎవరూ కొట్టలేదు.

మా ఆయనకి నా రాత తెలియదు. ముప్పై ఏళ్లలో ఆయనకి ఒక్క చీటీ రాయలేదు నేను. ఎందుకు రాస్తాను, నోరుంది కదా?

కానీ ఆ పిల్లకి తెలుసు. అట్టలతోపాటు నా చీటీలూ దానికే పోయేవి. వెనకవైపు రంగులు కలిపి చూసుకునేది.

ఇది నాకు శనివారం దాకా తట్టలేదు చూడు! ఇంత నోరున్నదాన్ని, బుర్ర ఏమైందో.

శనివారం ఏం జరిగిందంటే, ఆఖరి బొమ్మ ఏమిటో ముందే చూద్దామని ఈ ఫోను తీశాను. గీత గీస్తే తెరుచుకుంటుంది, అది నాకు తెలుసు. లోపల రాసి ఉంది, "రావలసినవి: ఒకటి." నొక్కాను. బొమ్మ ఇంకా పూర్తిగా రాలేదు, బూడిదరంగు చట్రం తిరుగుతోంది. పైన బొమ్మ పేరు వచ్చింది.

"భాగుంది."

ఒత్తు భ. నా భ.

ఫోను చేతిలోంచి జారిపోయింది. మిషను ఇనప పెడలు మీద పడింది. తెర మొత్తం నల్లబడింది.

మూడు రోజులుగా నాకు నిద్ర లేదు. కింద ఏం రాసిందో? నా పేరు రాసిందా? "సూటిమాట మా వదిన" అని నలభై వేల మందికి చెప్పేసిందా? నలభై వేల మంది పోతే పోనీ. ఒక్కడున్నాడు ఇంట్లో, ఉతికిన చొక్కా వేసుకుని.

అందుకే పది గంటల్లోపు అన్నాను. పాస్‌వర్డు ఈ ఫోనుకే తెలుసు. తీసెయ్యాలి దాన్ని. పది కొట్టేలోపు.

ఏంటి? వెలిగిందా? ఇటు తిప్పు. తిప్పవయ్యా!

టైము? తొమ్మిదీ యాభై ఆరు. సరే. సరే. నా వేలు సరిగ్గా పడట్లేదు, గీత నువ్వు గియ్యి. పైనుంచి కిందకి, కిందనుంచి కుడికి. ఆ. ఆ పేజీ. ఆ మూల నొక్కు. రావలసినవి. ఒకటి.

నువ్వు చూడు ముందు. నేను కళ్లు మూసుకుంటా. ఏముంది?

ఏముందయ్యా, చెప్పవేం? స్క్రూలు తీసేశావుగా నోట్లోంచి!

ఇటివ్వు.

... ఓసి నీ...

ఇది ఎప్పుడు వేసింది? గుడ్డ పట్టమని నన్ను పిలవలేదు దీనికి.

ఇది ఆ గుడ్డ నాయనా. కిటికీకి అడ్డం పట్టిన తెల్లగుడ్డ. అటువైపునుంచి చూస్తే కనబడేది ఇదన్నమాట. నీడ. ఒక చెయ్యి పైకెత్తి గుడ్డ కొస పట్టుకుంది. రెండో చెయ్యి కింద, ఛాతీ దగ్గర, చిన్న పలక లాంటిది పట్టుకుని ఉంది. బొటనవేలు చూడు, ఎలా లేచి ఉందో. మెడ చూడు. పక్కింటి వంటిల్లు కనబడేంత మెడ.

నేను. నేనే ఇది.

నీకు చెప్పలేదు కదూ, గొడవ జోరుగా సాగే రోజుల్లో గుడ్డ పట్టుకునే ఆ అరగంట కూడా ఆగలేకపోయేదాన్ని. గుడ్డ చాటునుంచి ఒంటిచేత్తో రాసేదాన్ని. కనబడదనుకున్నాను. ఎండ నా వెనకుంటే ఎందుకు కనబడదు? ఇటు నా బొటనవేలు ఆగేది. అటు దాని చేతిలో ఫోను టింగుమనేది. గుడ్డకి ఇటు నేను, అటు అది. ఎన్నిసార్లు అలా జరిగిందో!

"నీ నీడ పడుతోంది, పక్కకి జరుగు" అనడం ఎప్పుడో మానేసింది నాయనా. ఏడాది ముందే మానేసింది. అలవాటైంది కాబోలు అనుకున్నాను.

ఏడాది. తెలిసి, ఏడాదిపాటు నాతో కూర్చుని టీ తాగింది. అండీ అని రాసి, లేచొచ్చి, వదినా పంచదార సరిపోయిందా అనేది.

కింద ఏం రాసింది? నా కళ్లు అలుక్కుపోతున్నాయి, నువ్వు చదువు. వద్దు, కనబడుతోంది. ఒక్కటే ముక్క.

"వెలుతురు పట్టింది: మా వదిన."

ఇంకేం లేదా? కిందకి జరుపు. లేదు. అంతే.

ఇదేమిటి నాయనా, తిట్టా? మెచ్చుకోలా? నువ్వు చెప్పు. నువ్వు బయటివాడివి. పేరు చూస్తే వెక్కిరింత. కింద చూస్తే... దాని మొహం గుర్తొస్తోంది, తోసుకెళ్లేటప్పుడు నవ్విన నవ్వు. నలభై ఒకటో వారానికి తను లేచి తిరుగుతుంటాననుకుంది కదా. మంగళవారం పది గంటలకి నా ఎదురుగా కూర్చుని ఉండేది. నేను ఫోను తీసేదాన్ని. నా మొహం చూస్తూ ఉండేది. నవ్వడానికా, కడిగెయ్యడానికా? అది దాని దగ్గరే ఉండిపోయింది.

ఏంటి? అవును, తొమ్మిదీ యాభై తొమ్మిది. తీసెయ్యాలా అని అడుగుతోందా అది? ఎర్రగా ఉన్నది నొక్కితే పోతుందా?

ఆగు.

ఆగమన్నానా! చెయ్యి తియ్యి. ఫోను బల్ల మీద పెట్టు. అలా, పైకి పెట్టు. బోర్లా వద్దు.

ఆయన నలభై వారాలు ఎదురుచూశాడు. ఆఖరిది నేను తినేస్తానా? మాటలన్నాను, అన్నీ అన్నాను. ఇది కూడా చేస్తే ఇక నాకు...

వెళ్లింది. చూశావా, టింగుమంది. అయిపోయింది.

లైకులు చూడు. పన్నెండు. నలభై. వచ్చేస్తున్నారు. "ఈ నీడ ఎవరిది?" అంటున్నారు. "ఏంటండీ, బాగుందిని తప్పు రాశారు" అంటోంది ఒకావిడ. లేదమ్మా, అది చాలా సరిగ్గా రాసింది.

ఇదిగో. నా సంచీ.

మోగుతోంది. లేదు, కాల్ కాదు. మెసేజి. ఉండు.

ఆయనే. నాకు కాదు. సూటిమాటకి పెట్టాడు.

"ఇంటికి రా."

అంతే. ఇంతే రాశాడు. ముందు వెనక ఏమీ లేదు. ఇందులో గొంతు వినబడదు కదా నాయనా, ఎలా అన్నాడో ఏమో. అరిచాడా? మెల్లగా అన్నాడా? ఏడుస్తూ అన్నాడా? నువ్వు చదివితే ఎలా ఉంది? ముప్పై ఏళ్లుగా సాయంత్రం అయితే వీధి చివరిదాకా వినబడేలా అదే మాట అంటాడు, ఇంటికి రావే అని. ఇలా రాసి ఎప్పుడూ చూడలేదు.

నీకు ఆ స్క్రూలు ఉన్నా లేకపోయినా ఒకటే.

ఉండు, జవాబు రాయనీ. తొమ్మిది నెలలుగా చూస్తున్నాడు పాపం.

"వస్తున్నా." చూడు, సరిగ్గా ఉందా? ఒక్క భ కూడా లేదు ఇందులో. తప్పు రాద్దామన్నా చోటు లేదు.

పంపేశాను. సూటిమాట పేరుతోనే వెళ్లింది. వెళ్లనీ. ఆ పేరుతో పిలిస్తేనే కదా పలికాను.

నీ ప్యాంటు రేపు... రేపు ఇస్తానో లేదో తెలియదు నాయనా. నడుము దగ్గర వదులు చేసి ఉంచాను, చీటీ గుచ్చి ఉంది. నేను లేకపోతే చీటీ చూసి తీసుకో. నా రాత నీకు తెలుసుగా.